పేరు లేని కొండ

వెర్నా స్టాడర్డ్ తన గేటుకు పేరు పలక కొట్టించిన రోజు నుంచి కొండ మీద ఎవరూ ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఉత్తర కాలిఫోర్నియాలో, ఆల్డర్ వాగు పైనున్న ఆ కొండమీద గంజాయి పెంచేవాళ్లకు మారుపేర్లే తప్ప అసలు పేర్లు ఉండవు. పోలీసు హెలికాప్టర్లు చెట్ల మీదుగా తిరిగిన కాలంలో ఆ పద్ధతి నేర్పింది వెర్నాయే. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ "కాగితం మీద పేరు పెట్టావో, దొరికిపోయినట్టే" అని చెప్పేది. గంజాయి సాగుకు అనుమతిస్తూ చట్టం మారాక అందరికంటే ముందు లైసెన్సు తీసుకున్నదీ ఆమే. వయసు డెబ్బైకి దగ్గరపడింది. దాక్కోవడం విసుగేసింది.

ఆ నవంబరులో కౌంటీ, అంటే అక్కడి జిల్లా ప్రభుత్వం, ప్రజల ఓటుకు పెట్టిన గంజాయి పన్ను అమ్మకం మీద కాదు, మడి వైశాల్యం మీద. పంటకు బూజు పట్టి పోయినా కట్టాల్సిందే. కంపెనీల గ్రీన్‌హౌసులు దాన్ని తట్టుకుంటాయి. వెర్నా మడి తట్టుకోదు. పన్ను నెగ్గితే ఆమె సాగు మానుకోవాలి.

రైతుల హాల్లో జరిగిన సభలో పన్ను వైపు మాట్లాడింది హోలిస్ క్రాండల్, పశువుల ఆసామి.

"రోడ్లన్నీ మీ ట్రక్కులే గుంటలు చేశాయి. కట్టండి మరి."

"నీ ఆవులు వాగంతా పేడ చేస్తే ఎవరు కట్టారయ్యా హోలిస్?" అని వెర్నా లేచి అడిగింది.

"నా ఆవుల్ని నేను చెట్ల చాటున దాచి పెంచలేదమ్మా."

హాలంతా నవ్వింది. వెనక వరసలో కూర్చున్న కొండవాళ్లు టోపీలు కిందికి లాక్కున్నారు.

మర్నాడు వెర్నా కొండమీది పొరుగువాడు రస్టీ ఇంటికి వెళ్లింది. ఇద్దరిదీ ఒకటే నీటి ఊట, ఏళ్ల తరబడి పంచుకుంటున్నారు.

"ఓటరుగా పేరు రాయించుకోరా. ఎంతసేపు పడుతుంది?"

"ఏ పేరు రాయించమంటావక్కా?"

"మీ అమ్మ పెట్టింది."

"కాగితం మీద పేరు పెట్టొద్దని నువ్వేగా నేర్పావు!"

"అప్పుడు నేర్పాను. ఇప్పుడు పెట్టమంటున్నాను."

"లైసెన్సు నీకుంది, పన్నూ నీకే. లేనోణ్ణి నాకెందుకు పడుద్ది?"

"అంటే నేను మునిగితే చూస్తూ కూర్చుంటావన్నమాట."

"పలక కొట్టించేటప్పుడు నన్నడిగావా?" అని రస్టీ తలుపు వేసుకున్నాడు. మిగతా ఇళ్లలో కొన్ని తలుపులు అసలు తెరుచుకోలేదు.

పన్ను నెగ్గింది. ఓట్ల తేడా కొండమీది ఇళ్ల సంఖ్య కంటే తక్కువ. సరుకుల కొట్లో ఎదురుపడ్డప్పుడు హోలిస్ ఆ మాటే అన్నాడు.

"మీ కొండోళ్లు ఓటుకొచ్చుంటే మేం ఓడిపోయేవాళ్లం వెర్నా."

దెప్పి ఉంటే ఆమె ఓర్చుకునేది. అతను జాలిపడ్డాడు.

వసంతంలో ఆమె లైసెన్సు వదులుకుని సాగు సామాను అమ్మకానికి పెట్టింది. నీళ్ల ట్యాంకు కోసం రస్టీ వచ్చాడు. పిడికిట్లో నోట్లు మడిచి పట్టుకున్నాడు. వెర్నా ఒక కాగితం మీద ట్యాంకు అమ్మినట్టు రాసి, పెన్ను అతని చేతిలో పెట్టింది.

"సంతకం పెట్టు."

"రస్టీ అని పెడతాను."

"పూర్తి పేరు."

"ట్యాంకుకి పేరెందుకక్కా? ఎగతాళా?"

"పేరు పెడితే ట్యాంకు నీది. లేకపోతే ఇక్కడే ఉంటుంది."

రస్టీ ఆ కాగితాన్ని తిరిగి ఆమెకే ఇచ్చాడు. పెన్ను మెట్టు మీద పెట్టి ఖాళీ ట్రక్కు తోలుకుని వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలం ఊట సన్నబడింది. నిలవ నీళ్లు లేక రస్టీ బకెట్లతో మోసుకున్నాడు. వెర్నా వరండాలోంచి చూస్తే అతను కనిపించేవాడు. ట్యాంకు ఆమె పెరట్లోనే ఉంది, ఖాళీగా.