ఎనభై కిలోల బస్తా

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో నేను గుమస్తాని. ఎవరు నన్ను ఏమన్నారో నాకు తేదీతో సహా గుర్తుంటుంది.

సరుకు లెక్కకి ఒక ఉచిత ప్రోగ్రామ్‌ని నేనే వెతికి పెట్టాను. సోర్స్ కోడ్ కూడా ఇచ్చేస్తారు, ఎవరైనా మార్చుకోవచ్చు. దానికి తెలిసిన బస్తా యాభై కిలోలు. మా ఉద్దానంలో జీడిపిక్కల బస్తా అంటే ఎనభై. రైతుని అడిగినా, బస్తాలు మోసే కలాసీని అడిగినా అంతే. వచ్చిన సరుకు బస్తాల్లో రాసేవాణ్ణి, గోడౌన్ నుంచి పనిలోకి పంపేది కిలోల్లో. వారం తిరిగేసరికి వచ్చినదాని కంటే పంపిందే ఎక్కువని తేలింది.

"మన గోడౌన్లో పిక్కలు పిల్లల్ని పెడతన్నాయేటి?" అని యజమాని అందరి ముందూ అడిగాడు. పప్పు ఏరే ఆడవాళ్లు నవ్వారు. సోమవారానికి సరిచెయ్యకపోతే ఈ పని నా చేతిలోంచి తీసేస్తానన్నాడు.

ప్రోగ్రామ్ రాసినవాళ్లకి మెయిల్ పెట్టాను. అలాంటి బస్తా ఎక్కడా లేదు, మీ కొలతే మార్చుకోండి అన్నారు. టెక్కలిలో కంప్యూటర్ షాపున్న మా బావ ఇంకా ఘనుడు. "నీకెందుకు బావా ఈ గోల? రైతులకే యాభై కట్టమని సెప్పు" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే కోడ్ దించుకుని కూర్చున్నాను. యాభై ఎక్కడుందో దొరకడానికే గంట పట్టింది. ఎనభై చేసి, కోడ్‌ని మళ్లీ ప్రోగ్రామ్‌గా మార్చే బిల్డ్ నడిపితే, దానికి కావలసిన ఏదో లైబ్రరీ ఫైలు లేదంది. అది తెచ్చి పెడితే సగంలో కరెంటు పోయింది. మూడోసారి చివరిదాకా వెళ్లి ఆగింది. బిల్డ్ అయ్యాక ప్రోగ్రామ్ తనని తాను పరీక్షించుకుంటుంది. బస్తా యాభై ఉంటేనే పాసని ఆ పరీక్షలో రాసిపెట్టారు. నన్ను కాదన్నవాళ్లు నా ఇంటికొచ్చి మరీ కాదన్నట్టనిపించింది. అక్కడా ఎనభై కొట్టాను. పాసయింది.

తెరిచి చూస్తే మళ్లీ యాభయ్యే. అన్నం ముందు కూర్చున్నాక తట్టింది, తెర మీద నేను నొక్కుతున్నది పాత ప్రోగ్రామ్ గుర్తుని. చెయ్యి కడుక్కుని లేచి, పాతది పీకేసి కొత్తది పెట్టి, వారం రాతలన్నీ మళ్లీ ఎక్కించాను.

సోమవారం యజమాని స్వయంగా గోడౌన్‌కి వెళ్లి బస్తాలు లెక్కపెట్టించాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. వచ్చి తెర చూశాడు. ఒక్క బస్తా తేడా లేదు.

"సర్లే, పొద్దున్నొచ్చిన లారీ కూడా ఎక్కించీ" అన్నాడు.

ముందు కుర్చీలో కూర్చుని, తర్వాత లారీ నంబరు అడిగాను.