శెనక్కాయలు ఒలిచిన వేళ్ళు

1959 జూన్‌లో ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కిన కొద్ది రోజులకే నన్ను అనంతపురంలో వేలిముద్రల శిక్షణకు తీసుకున్నారు. హోదా కానిస్టేబులు, అదీ ట్రైనీ. మా నాయనకు ఇది మింగుడు పడలేదు. దొంగల వేళ్ళు పట్టుకునేదానికి ఇన్నేళ్ళు బడికి పంపాలా అని మా ఊరు కొత్తచెరువులో కనబడినవాడికల్లా చెప్పుకున్నాడు. నాకేమో నేరశాస్త్రం అనే మాట వింటేనే ఛాతీ ఉబ్బేది.

పాఠం చెప్పేవారు హెడ్ కానిస్టేబులు ఖాదర్ సాహెబ్. పలక మీద సిరాను రోలరుతో పలచగా పరిచి, వేలిని గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్కసారే దొర్లించాలి. పది వేళ్ళూ పడిన కాగితం పేరు స్లిప్పు. ఊళ్ళో చక్రం, శంఖం అని జాతకం చెప్పేవాళ్ళు చూసే గీతలనే మేము భూతద్దం కింద లెక్కపెట్టేవాళ్ళం.

జూలైలో యాడికి అనే ఊరి వైపు నుంచి ఒక కేసు వచ్చింది. విత్తనాల వ్యాపారి ఇంట్లో అద్దాల బీరువాలోంచి వెండి చెంబు పోయింది. అద్దం మీద బొటనవేలి గుర్తు ఒకటి గీతగీతా కనబడేలా దొరికింది. ఆ ఇంటి వసారాలో నెలరోజులుగా విత్తనానికి వేరుశెనక్కాయలు ఒలుస్తున్న ఓబులమ్మ అనే కూలిమనిషిని పట్టుకొచ్చారు. స్లిప్పు తీసింది నేనే. పది గళ్ళలోనూ నల్లటి మరకలే. రెండోసారి తీసినా అంతే.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు వెంటనే అర్థం చెప్పేశారు. దొంగతనం చేశాక బండకేసి వేళ్ళు అరగదీసుకుంది, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అన్నారు. ఆమెను రిమాండు మీద సబ్‌జైలుకు పంపారు. ఆమె ఇద్దరు ఆడపిల్లలూ పొరుగింటి పంచన పడ్డారు.

నాకు మనసొప్పలేదు. మా అమ్మ ఏటా వానలకు ముందు కాయలు ఒలిచేది. నెల తిరిగేసరికి వేళ్ళు నున్నబడి సూది కూడా జారిపోయేది. ఖాదర్ సాహెబ్‌కు ఈ సంగతి చెప్పాను.

“ఈ మాట పుస్తకంలో యాడుండాదప్పా?” అన్నారు.

“పుస్తకంలో లేదు సార్. మా అమ్మ చేతుల్లో చూసినా.”

ఆయన నవ్వలేదు. పలక, రోలరు సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. చూశానంటే చాలదని, స్లిప్పుల మీద చూపించమని పంపారు.

ఆ ఏడు వాన ఆలస్యమైంది కాబట్టి కొత్తచెరువులో కాయలు ఒలవడం ఇంకా సాగుతూనే ఉంది. పన్నెండు మంది ఆడవాళ్ళ ముద్రలు తీశాను. పెండ్లి సంబంధానికా ఏమప్పా వేళ్ళు చూస్తాండావు అని వాళ్ళు ఆటపట్టించారు. నెలగా ఒలుస్తున్న వాళ్ళవన్నీ మరకలు. ఆ వారమే పనిలోకి వచ్చినవాళ్ళ గీతలు స్పష్టం. జ్వరంతో మూడు వారాల కిందట పని మానినామెకు గీతలు తిరిగి లేచాయి.

స్లిప్పులన్నీ ఇన్‌స్పెక్టరు గారి బల్ల మీద వరసగా పేర్చాను. చెంబు పోయేనాటికే ఓబులమ్మ నెల రోజులుగా కాయలు ఒలుస్తోంది, గీతల్లేని వేలు అద్దం మీద గీతలెలా వేస్తుందని అడిగాను. ఆయన స్లిప్పులు ఒక్కొక్కటే తీసి చూశారు. ఆమె జైలుకు వెళ్ళి అప్పటికి మూడు వారాలు కావస్తోంది. మళ్ళీ ముద్రలు తీసుకురమ్మన్నారు.

ఈసారి గీతలు పడ్డాయి. ఆమె బొటనవేళ్ళు రెండూ శంఖాలు. అద్దం మీది గుర్తు చక్రం. భూతద్దం కింద పెట్టి పెద్దగా నవ్వేశాను, అంత సంతోషం నాకు పరీక్ష పాసైన రోజున కూడా కలగలేదు. పై ఆఫీసు, వేలిముద్రల బ్యూరో కూడా అదే మాట రాసి పంపింది. తర్వాత ఆ చక్రం వ్యాపారి బావమరిది వేలితో సరిపోయింది, చెంబూ అతని దగ్గరే దొరికింది. ఇన్‌స్పెక్టరు గారు స్టేషనులో అందరి ఎదుటా తన పొరపాటు ఒప్పుకుని, నా సర్వీసు పుస్తకంలో మంచి ఎంట్రీ రాయించారు.

విడుదలైన రోజు ఓబులమ్మ నాకు దండం పెట్టలేదు. నా ముఖంలోకి చూసి ఒక్క మాట అనింది.

“నా ఏళ్ళు ఎందుకు అరిగినాయో మొదుట్లోనే అడిగింటే చెప్పేదాన్ని గదప్పా. ఒగరూ అడగల్యా.”

ఆ అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను. రెండుసార్లు ఆమె వేళ్ళు పట్టుకుని దొర్లించింది నేనే. రిటైరయ్యేదాకా ఎవరి వేలు పట్టుకున్నా ముందు ఏం పని చేస్తారని అడిగి, జవాబు స్లిప్పు వెనక రాసేవాణ్ణి. ముందువైపు అందుకు గడి లేదు.