అడగని పుస్తకం

మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆయన, అడిగిన పుస్తకం ఒక్కటే ఎన్నడూ ఇవ్వలేదు. నేను డిటెక్టివ్ నవల అడిగితే దాని కింద ఇంకోటి పెట్టి జరిపేవాడు.

"గిది సుత తీస్కపోన్రి సారూ, జర సూడున్రి."

ఒకసారి పిట్టల గురించి, ఒకసారి ఎవరో నర్సు రాసుకున్న జీవితకథ. చదవకుండానే తిరిగిచ్చేవాణ్ణి. పశువుల రోగాల పుస్తకం పెట్టిన రోజు పేపర్లు చదివేవాళ్లు నవ్వారు.

"సారు బర్రెల డాక్టరయితడేమో!"

ఆ నవ్వు నేను మరువలేదు. ఆయన మీద పైఅధికారులకు మూడు పేజీల ఫిర్యాదు పంపాను. ఆయన్ను ఎక్కడో అడవుల్లో ఉన్న జైనూర్‌కు బదిలీ చేశారు.

కొత్తాయన అడిగిందే ఇచ్చాడు. కొన్నాళ్లకు నవలలు విసుగొచ్చి, కోపంతో తిరిగివ్వని పశువుల పుస్తకం తెరిచాను. నోరులేని ఎద్దుకు నొప్పి ఎక్కడుందో కన్నూ చెవీ నడకా చూసి పట్టుకోవడం అందులో ఉంది. అదీ డిటెక్టివ్ పనే. పాతాయన నా కోసం వెతికే తీశాడన్నమాట. పిట్టలనూ నర్సునూ మళ్లీ తెచ్చుకుని చదివాను.

జైనూర్ వెళ్లి, ఫిర్యాదు రాసింది నేనేనని ఒప్పుకున్నాను.

"ఎరుకే సారూ. నాకు సుత సూపిచ్చిన్రు. మంచిగ రాసిన్రు," అన్నాడు. "ఏం పుస్తకం గావాలె?"

ఒక నవల పేరు చెప్పాను. తెచ్చి ఇచ్చాడు. కింద ఏమీ లేదు. ఇంకోటి ఎందుకివ్వలేదని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.