సొరుగులో ఎరుపెక్కిన ఎలుక

మీరు గట్టిగా నమ్మే మాటల్లో మీ కళ్లతో మీరే సరిచూసుకున్నవి ఎన్ని? తొందరపడి జవాబు చెప్పకండి. మొన్న క్యారీ ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో పాత ఆల్బమ్ తిరగేస్తుంటే, మా మనవరాలు ఒక కలర్ ఫోటో మీద వేలుపెట్టి, "తాతా, అప్పుడు మీరందరూ ఆరెంజ్‌గా ఉండేవాళ్లా?" అని అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. ఆ ఫోటోలో నా పక్కన నిలబడ్డ మా ప్రొఫెసర్‌గారు ఒకప్పుడు చేసిన పొరపాటు సరిగ్గా అదే మరి!

డెబ్బైల చివర్లో నేను పరిశోధన కోసం అమెరికా వచ్చి, ఒక యూనివర్సిటీ మ్యూజియంలో, టర్కీ, ఇరాన్ కొండల నుంచి తెచ్చిన అడవి ఎలుకలను జాతులవారీగా వేరుచేసే పనిలో కుదిరాను. చిట్టెలుకలూ, పొట్టి తోక, మొద్దు మూతి ఉండే వోల్ అనే గడ్డి ఎలుకలూ, చర్మంలో దూది కూరి, కాలికి చీటీ కట్టి, సొరుగుల్లో వరసగా పడుకోబెట్టి ఉండేవి. పుర్రెలను పురుగులకు అప్పగిస్తే, మాంసమంతా తినేసి ముత్యాల్లా శుభ్రంచేసి ఇచ్చేవి. ఈ ఉద్యోగమేమిటో చుట్టాలకు విడమరచలేక మా అమ్మ 'మావాడు సైన్సు' అని ఊరుకునేదట. నాకైతే రోజూ పండగే. వోల్ దవడ పంటిని భూతద్దంలో చూస్తే చిన్న చిన్న త్రికోణాలతో ముగ్గు వేసినట్టుంటుంది. ఆ ముగ్గును బట్టే చాలాసార్లు జాతిని గుర్తుపట్టేవాళ్లం.

మా ప్రొఫెసర్‌గారు కొత్తగా పెళ్లయిన రోజుల్లో, ఒక పాత సొరుగులోని ఎర్రటి వోల్‌లను అప్పుడే వచ్చిన బూడిదరంగు వాటితో పోల్చి, ఎర్రవి వేరే జాతి అని ప్రకటించి, దానికి భార్య పేరు పెట్టారు. అప్పటినుంచి పుస్తకాలన్నింటిలో అదే మాట. నేను పళ్లు చూశాను, రెండింటిదీ ఒకే ముగ్గు. పుర్రెలు కొలిచాను, తేడా లేదు. మరి ఎరుపు ఎక్కడిది? చిన్నప్పుడు మా మేనమామ, శకునాల మీదా ముహూర్తాల మీదా వాదోపవాదాలు జరిగే సభలకు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, ఎవరు చెప్పినా సరే, ఎలా తెలిసిందని అడగమనేవాడు. ఆ అలవాటుకొద్దీ, అంతే పాతవైన అమెరికా ఎలుకల సొరుగు తెరిచాను. బయట పొలాల్లో బూడిదరంగులో తిరిగే జాతి, సొరుగులో ఎర్రబడి ఉంది! ఏళ్లతరబడి నిలవున్న బొచ్చుకు వచ్చిన రంగది. ఎలుకకూ దానికీ సంబంధమే లేదు.

నా చదువు, వీసా రెండూ ప్రొఫెసర్‌గారి సంతకం మీదే నడుస్తున్నాయి. ఆయన భార్య పేరున్న జాతి అసలు లేనేలేదని ఆయనకే చెప్పాలి. అదే ఊళ్లో ఇంజనీరుగా ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి తల పట్టుకున్నాడు.

"ఒరే, వీసా మీద ఉన్నోడివి, ఆయనతో ఆర్గ్యూ చేస్తావా? ఎలుక ఎర్రగా ఉంటే నీకేంట్రా, నల్లగా ఉంటే నీకేంట్రా? ముందు డిగ్రీ ఫినిష్ చెయ్, తర్వాత నీకు నచ్చిన రంగు వేసుకో!"

మర్నాడు రెండు సొరుగులనూ ప్రొఫెసర్‌గారి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఆయన కిటికీ వెలుగులో ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి చూశారు. చివరికి ఆయన నవ్విన నవ్వుకు పక్కగదిలోవాళ్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్లలో ఒకరు తీసిందే, మా మనవరాలు వేలుపెట్టిన ఆ ఫోటో. ఆ సాయంత్రమే నన్ను భోజనానికి ఇంటికి తీసుకెళ్లి, ఈ కుర్రాడు నీ ఎలుకను కొట్టేశాడని గుమ్మంలోనే భార్యకు చెప్పారు. ఆవిడ నా ప్లేటు నింపుతూ, "హమ్మయ్య! పెళ్లికి అందరూ నగలిస్తే ఈయన ఎలుకనిచ్చాడు. ఇన్నాళ్లకు పీడ విరగడైంది!" అంది. ఆ జాతిని కొట్టివేస్తూ మేం రాసిన వ్యాసంలో ఆయన నా పేరే ముందు పెట్టారు.

ఇప్పుడు ఒక్క వెంట్రుకతో జాతిని తేల్చే యంత్రాలు వచ్చాయి, సంతోషం. కానీ తన తప్పు బయటపడినప్పుడు అలా నవ్వే మనిషి నాకు మళ్లీ కనపడలేదు. ముఖం ముడుచుకునేవాళ్లే ఎక్కువయ్యారు, వాళ్లలో నేనూ ఒకణ్నని మా అమ్మాయి అంటుంది. మన తరంవాళ్లం వారాంతపు విందుల్లో చేరి, మన కాలమంతా బంగారమని చెప్పుకుంటున్నప్పుడల్లా, ఆ రంగు కాలానిదా, సొరుగుదా అని నాకు అనుమానం వస్తుంది.

అందుకే చెబుతున్నాను. ఈ ఆదివారం మీ పిల్లలనో మనవలనో ఎదురుగా కూర్చోబెట్టి, మీరు ఏళ్లుగా చెబుతూ వస్తున్న మాట ఒకటి వాళ్లకు అప్పగించి, తప్పు పట్టమనండి. పట్టారా, ఇల్లు అదిరేలా నవ్వండి. నవ్వి, వాళ్లకు కడుపునిండా అన్నం పెట్టండి.