నువ్వుగింజంత పువ్వు, బాపు చేతులు

ఇయ్యాల నా కాళ్లు భూమ్మీద ఆగుతలేవు, జర వినుండ్రి!

ఎనిమిది నెలల సంది నా అర్రల ఒక గాజుపెట్టె ఉన్నది. లోపల నాచు, వేలెడంత కూడ లేని ఆర్కిడ్ మొక్కలు. మన మొయినాబాద్ ఎండకు తట్టుకోవని చిన్న కూలింగ్ మిషన్ కూడ బిగించిన. పొద్దుగాల చూస్తే ఒకదానికి పువ్వు! నువ్వుగింజంత ఉన్నది. ఒక్కదాన్నే ఎగిరిన.

ఉరికి బాపును పిలుచుకొచ్చిన. సురంగల్ ఊర్ల మాకు చామంతి తోట, రోజూ గంపలకొద్ది పూలు కోసే మనిషి. కండ్లద్దాలు పెట్టుకొని, పెట్టె మూత తీసి, వంగి చూసిండు.

"మంచిగ విచ్చింది బిడ్డా, కోతకొచ్చింది" అనుకుంట రెండు వేళ్లు లోపల పెట్టిండు!

"బాపూ!" అని నేను ఒర్రిన ఒర్రుడుకు అమ్మ వంటింట్లకెళ్లి గంటె పట్టుకొనే ఉరికొచ్చింది. బాపు చెయ్యి ఎనకకు తీసిండు. పువ్వు బతికింది.

మధ్యాహ్నం అన్నం ముంగట బాపే ప్రార్థన చేస్తడు. వానకు, తోటకు, మా ఆరోగ్యాలకు స్తోత్రం చెప్పినంక ఇంకో మాట కలిపిండు.

"ప్రభువా, గా చిన్న పువ్వును నా చేతులల్ల నుంచి కాపాడినందుకు కూడ నీకు స్తోత్రం."

నవ్వాగక నాకు ఆమెన్ అనరాలె. కామెంట్లల్ల మీరన్న అనుండ్రి.