వస్త అన్న మాట

మా ఇంట్లో గడప దాటేవాళ్ళెవరూ "పోతున్న" అనకూడదు. సందు చివర చెత్త బండి దాకా వెళ్ళినా సరే, "వస్త" అని చెప్పే వెళ్ళాలి. నేను కాపురానికొచ్చిన కొత్తలో నోరు జారి "బజారుకు పోతున్నత్తమ్మా" అన్నందుకు మా అత్తమ్మ నన్ను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపింది. పోయేది పీనుగులేనట, మనుషులు వస్తారట. మిర్యాలగూడలో మా అమ్మ కూడా ఇదే బాపతు కాబట్టి నేను నోరెత్తలేదు.

మా మామయ్య ఉన్నన్నాళ్ళు నా బతుకు సాఫీగానే సాగింది. మా ఆయనకు మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. నాకు సూర్యాపేటలో ఒక ల్యాబులో రక్తం తీసే పని. మధ్యలో కోదాడలో కిరాయి ఇల్లు. పొద్దున నేను బస్సెక్కితే మళ్ళీ దిగేదాకా మా బిడ్డ తాత చంక దిగేది కాదు. అన్నం ఆయనే పెట్టాలి, జడ కూడా ఆయనే వెయ్యాలి. ఆ జడ చూస్తే నవ్వొచ్చేది.

ఒక పొద్దున మామయ్యకు ఛాతీలో మంట అంటే కారు మాట్లాడి సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్ళాం. కారెక్కుతూ మనవరాలి బుగ్గ గిల్లి "వస్త బిడ్డా" అన్నాడు. సాయంత్రానికి అక్కడే ప్రాణం పోయింది. శవం ఇంటికి చేరేలోపే, చిన్నపిల్ల జడుసుకుంటుందని, దాన్ని మిర్యాలగూడ మా అమ్మ దగ్గరికి పంపేశాం. దినాలన్నీ అయ్యాకే తెచ్చుకున్నాం. తాత ఏడని అది అడిగితే వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ ఒకటే మాట చెప్పారు, తాత పోయిండు అని. అంతటితో చెప్పాల్సింది చెప్పేశామనుకున్నాం.

ఏడాది తిరిగేదాకా అత్తమ్మ గడప దాటకూడదు. పిల్ల వెనక పొద్దంతా పరుగెత్తడానికి ఆమె మోకాళ్ళు సహకరించవు. అందుకని మూడేళ్ళు దాటగానే దాన్ని హుజూర్‌నగర్ రోడ్డు వైపున్న ప్లే స్కూల్లో వేశాం. సెలవు మీదున్న నాకోసం నెలాఖరు దాకా చూస్తానన్నాడు మా ల్యాబు సారు. ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటానని కూడా నవ్వుతూనే చెప్పాడు. ఆ ఉద్యోగం నేను వదులుకోలేను. దొరకని నరాన్ని వేలి కొసతో వెతికి పట్టుకుని, ముసలివాళ్ళకు నొప్పి తెలియకుండా రక్తం తీసినప్పుడు నా మీద నాకు గౌరవం కలుగుతుంది. ఇంట్లో ఎన్ని గిన్నెలు తోమినా ఆ గౌరవం రాదు మరి.

మొదటి రోజు స్కూలు గేటు దగ్గర "వస్త బిడ్డా" అన్నానో లేదో, పిల్ల రోడ్డు దద్దరిల్లేలా కేక పెట్టింది. నా చున్నీ రెండు చేతులకూ చుట్టుకుని నేలమీద పడి దొర్లింది. టీచరమ్మ, ఆయమ్మ కలిసి విడదీస్తే కక్కుకుంది. రెండో రోజూ అదే, మూడో రోజూ అదే. చివరికి కిటికీలోంచి నేను కనబడుతుంటేనే లోపల కూర్చునే ఒప్పందానికొచ్చింది. చెప్పుల స్టాండు పక్కన ఒక అరుగు ఉంది. అదే నాకు జైలైంది.

అక్కడినుంచి నేను కదలకూడదు. నీళ్ళు తాగడానికి లేచినా కిటికీ ఊచల మధ్య దాని మొహం ప్రత్యక్షమయ్యేది. మిగతా తల్లులు పిల్లల్ని దింపి, స్కూటీలు తిప్పుకుని వెళ్ళిపోతూ నాకు తలా ఒక సలహా పడేసేవాళ్ళు. దిష్టి తియ్యమని ఒకామె చెప్పింది. రెండు తగిలిస్తే దారికొస్తుందని ఇంకొకామె. ఎండ అరుగు మీదికి జరిగేకొద్దీ నేనూ గోడవారగా జరిగేదాన్ని. ఫోన్లో చార్జింగ్ అయిపోయాక చెప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మా బిడ్డ మీద నాకు కోపం వచ్చింది. కడుపున పుట్టిందే, ముద్దుగానే ఉంటుంది, అయినా ఒళ్ళు మండింది. చారెడు లేదు, ఇంత పెద్దమనిషిని గోడకు కట్టేసింది. చదివిన చదువు, నేర్చిన పని ఈ అరుగు మీద ఎండబెట్టుకోవడానికేనా అని ఏడుపొచ్చింది.

టీచరమ్మ జగ్గయ్యపేట వైపు పిల్ల. పెళ్ళి కూడా కాలేదు గాని ఓపిక చాలా ఉంది. ఒకరోజు బయటికొచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, మీరు వస్తా అంటారు, అటు తిరిగి వెళ్ళిపోతారు. పాపకేం అర్థమవుతుంది? వెళ్తున్నానని నిజం చెప్పండి. ఎప్పుడొస్తారో కూడా చెప్పండి."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏంటో అప్పుడు తెలిసింది. పోతున్న అన్న మాట నా నోట వస్తే ఇంట్లో అత్తమ్మ ఊరుకోదు. రాకపోతే ఇక్కడ పిల్ల ఊరుకోదు. ఆ మధ్యాహ్నమే సారు ఫోన్ చేసి, ఇంకో అమ్మాయి వచ్చి అడిగిపోయిందని చెప్పాడు. దాంతో తెగించాను. మర్నాడు గేటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, "నేను పోతున్న బిడ్డా, పొద్దుగూకేసరికి ఇంటికొస్త" అన్నాను.

ఆ రోజు అది కేక పెట్టలేదు. మొహం తెల్లగా పాలిపోయింది. నా చెంపలు రెండు చేతులతో పట్టుకుంది.

"తాత గూడ వస్త అన్నడు. మల్ల పోయిండు."

ఇన్నాళ్ళూ మొండితనం అనుకున్నాను. వస్త అన్నవాడు రాలేదు, పోయినవాడూ రాలేదు. ఇంక ఏ మాట చెప్పి దాన్ని నమ్మించాలి? దాన్నెత్తుకుని ఇంటికొచ్చేశాను. పిల్ల అన్నమాట విన్న అత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నపిల్ల, మెల్లగా మరిచిపోతుందిలే అన్నాడు మా ఆయన. మెల్లగా అంటే ఎప్పటికి? నాకు నెలాఖరు ముంచుకొస్తోంది.

రెండు రోజులు ఆలోచించి, పోవడం రావడం కళ్ళతో చూపిద్దామనుకున్నాను. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని సూర్యాపేట బస్సెక్కాను. ఇదిగో అమ్మ పోయే దారి, ఇదిగో అమ్మ దిగే చోటు అని అన్నీ చూపించాను. ల్యాబులో రంగురంగుల మూతల గాజు గొట్టాలు చూపిస్తే వాటి మొహం కూడా చూడలేదు. కర్టెన్ వెనక చూసింది, బల్ల కింద చూసింది. వరండాలో కుర్చీల్లో కూర్చున్న ముసలాయనల ముందుకు పోయి ఒక్కొక్కరి మొహంలోకి తొంగి చూసింది. కొత్త చోటు కదా, చూడనీ అనుకున్నాను. సాయంత్రం కోదాడ బస్టాండులో దిగుతుంటే బస్సును వేలితో చూపించి, "ఇది పోయింది, మల్ల వచ్చింది" అంది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

మర్నాడు గేటు దగ్గర చున్నీ వదిలేసింది. తనంతట తాను బ్యాగు తగిలించుకుని రెండడుగులు లోపలికేసి వెనక్కి తిరిగింది.

"సూర్యాపేటనుంచి వచ్చేటప్పుడు తాతను తీస్కరా."

నా బస్సు టైమైంది. నెలాఖరు రేపే. "సరే బిడ్డా" అన్నాను. పరుగెత్తి బస్సెక్కి, కిటికీ పక్క సీట్లో కూలబడ్డాక గాని ఏమన్నానో నాకు తట్టలేదు.

ఉద్యోగం నిలబడింది. పిల్ల ఇప్పుడు ఏడవదు. టీచరమ్మ అందరు తల్లులకూ మా బిడ్డనే చూపించి చెబుతోంది. మధ్యాహ్నం పక్కింటామె దాన్ని తెచ్చి ఇంట్లో దింపుతుంది. సాయంత్రం నేనొచ్చేసరికి గడపలో నిలబడి ఉంటుంది. నన్ను చూడదు. నా వెనక సందు చివరిదాకా చూస్తుంది. నిజం చెబితే రేపు పొద్దున మళ్ళీ చున్నీ పట్టుకుంటుంది. చెప్పకపోతే రోజూ నేను ఆ సందులో ఒక్కదాన్నే నడిచి రావాలి. కొన్నాళ్ళు రేపు, రేపు అని నెట్టుకొచ్చాను.

నిన్న ఆ మాట కూడా పనిచేయలేదు. తాత ఎందుకు రాలేదో చెప్పమని నా చున్నీ పట్టుకుంది.

"బస్సు నిండిపోయింది బిడ్డా. తాతకు సీటు దొరకలే."

లోపల గిన్నెలు సర్దుతున్న అత్తమ్మ చేతుల చప్పుడు ఆగిపోయింది. పిల్ల చున్నీ వదల్లేదు.

"రేపు నువ్వు నిల్సో," అంది. "తాతను కూసోబెట్టు."