నేను ఎగరగొట్టిన నాలుగు పేజీలు

ఆ రోజు ఫిల్మ్‌నగర్‌లో ఒక రికార్డింగ్ బూత్‌లో కూర్చుని పుస్తకం చదువుతున్నాను. వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు జారిపోయింది. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యాక మళ్లీ అంతే. అదే రోజు, అదే బూత్‌లో ఇంకో పని కూడా చేశాను. గొంతు సంగతి తర్వాత డాక్టర్లకు చెప్పుకున్నాను. ఆ రెండో సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. ఇరవై రెండేళ్లుగా హీరోయిన్లకు, వాళ్ల అక్కలకు గొంతిస్తున్నాను. ఉండేది శ్రీనగర్ కాలనీలో. సినిమాలు తగ్గినప్పుడల్లా ఒక యాప్ కోసం ఆడియో పుస్తకాలు చదువుతాను, ఎక్కువగా ఆధ్యాత్మికం. వాటికోసం నా దగ్గర ఒక ప్రత్యేకమైన గొంతు ఉంది. కాస్త నెమ్మదిగా, కాస్త తడిగా ఉంటుంది. "అమ్మా, మీ మాట వింటే మనసు కుదుటపడింది" అని జనం యాప్‌లో రాసేవాళ్లు. నేను వాటిని స్క్రీన్‌షాట్ తీసి మా ఆయనకు పంపుకుని మురిసిపోయేదాన్ని. ఆ పుస్తకాల్లో ఏముందో మాత్రం నాకు తెలియదు. మా పనిలో కన్ను రెండు లైన్లు ముందు పరిగెడుతుంది, నోరు దాని వెనక వస్తుంది, మనసుకి మధ్యలో పనేమీ ఉండదు. ముందుగా చదువుకుని వెళ్లిన పుస్తకం ఒక్కటీ లేదు. ఎవరైనా అడిగితే "చాలా లోతైన పుస్తకమండీ" అనేదాన్ని. ఏ పుస్తకానికైనా సరిపోయే మాట అది.

ఆ రోజు చదువుతున్నది దుఃఖం గురించి ఎవరో పెద్దాయన రాసిన పాత పుస్తకం. పేరు చెప్పను, నా వల్ల ఆయనకు జరిగిన నష్టం చాలు. మధ్యాహ్నం జూబ్లీహిల్స్‌లో ఇంకో స్టూడియోలో హీరోయిన్ డబ్బింగ్ ఉంది. గొంతు చూస్తే సగమే మిగిలింది. ఆ సగం హీరోయిన్‌కి దాచుకోవాలి. పుస్తకంలో ముందున్న నాలుగు పేజీల నిండా మూరెడు సమాసాలు. పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసి, ఐదో పేజీ మొదటి వాక్యానికి వెళ్లిపోయాను.

అద్దం అవతల సౌండ్ ఇంజినీర్ యాదగిరి తలెత్తాడు. నాతో పాటే ఈ ఫీల్డులో తల నెరిసిన మనిషి.

"అక్కా, నాలుగు పేజీలు ఎగిరినయ్ కదా?"

"కొత్త ఎడిషన్‌లో అవి తీసేశారు."

"గట్లనా? సరే తియ్," అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు గొంతు చక్కగా పలికింది.

తర్వాత ఐదు నెలలు ఆ గొంతుని ఈడ్చుకుంటూ తిరిగాను. మిరియాల పాలు తాగాను, బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకున్నాను, డైరెక్టర్ల ముందు "కాస్త జలుబండీ" అన్నాను. ఒకరోజు హీరోయిన్ ఏడ్చే సీన్‌లో నా గొంతు రెండుగా చీలి వినిపించింది. "మేడం, మీరు రెస్ట్ తీసుకోండి" అన్నారు. మా ఫీల్డులో ఆ మాటకు అర్థం అప్పటికే ఇంకొకరికి ఫోన్ చేసేశారని.

బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో లారింగోస్కోపీ చేశారు, గొంతులోకి కెమెరా పెట్టి చూడటం. స్క్రీన్ మీద నా గొంతుని నేను మొదటిసారి చూసుకున్నాను.

"లెఫ్ట్ వోకల్ కార్డ్ మీద పాలిప్ ఉంది, చిన్న కండలాంటిది," అన్నారు ఈఎన్‌టీ డాక్టరు గారు. "ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

"ఐదు నెలలండీ."

"మీ బతుకే గొంతు మీద కదండీ! కారు టైరు పంచరైతే ఐదు నెలలు అలాగే తిప్పుతారా? సర్జరీ చేసి తీసేద్దాం. బయాప్సీకి పంపాలి."

సర్జరీ అయ్యాక, బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఉన్న ఆరు రోజులూ నాకు అన్నం సహించలేదు. ధైర్యం గురించి, శరణాగతి గురించి గంటలకొద్దీ చదివినదాన్ని. ఒక్క వాక్యం గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ రాలేదు. రిపోర్టులో బినైన్ అని, అంటే క్యాన్సర్ కాదని వచ్చింది. బతికిపోయాను. సర్జరీ రోజే డాక్టరు గారు వేలు చూపించి మరీ చెప్పారు, "పది రోజులు కంప్లీట్ వాయిస్ రెస్ట్. గుసగుసలు అసలే వద్దు, వాటితో ఇంకా స్ట్రెయిన్." మా ఆయన పలక, బలపం కొని తెచ్చి, "పెళ్లయ్యాక మొదటిసారి నా వాక్యం నేనే పూర్తిచేసుకుంటున్నాను" అని సంబరపడ్డారు.

చెకప్‌కి వెళ్లిన గురువారం వెయిటింగ్ హాల్లో నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నారు. మెడ కింద చిన్న రంధ్రం, దానిమీద పల్చటి గుడ్డ. వెంట ఆయన భార్య సుగుణమ్మ గారు. నా చేతిలో పలక చూసి ఆవిడే పలకరించింది.

"నీది గూడ గొంతేనా బిడ్డా? మా సార్‌ది మొత్తం తీసేసిండ్రు, క్యాన్సరని. లెక్కల సారు. ముప్పై ఏండ్లు పిలగాండ్లకు చెప్పి చెప్పి, ఇప్పుడు జూడు, కాయితం మీద రాసుడే."

నేను తలూపాను. ఆవిడకు వినేవాళ్లు దొరికారు.

"ఇప్పుడు రేడియేషన్ నడుస్తుంది. గొంతంత పుండు, బుక్కెడు జావ దిగదు. నొప్పి పదికి ఎంతని డాక్టరమ్మ అడిగితే సున్నా రాస్తడు! రోజూ సున్ననే. ఆ మొఖం నాకు కనవడతలేదా? ఫోన్ల ఏందో పుస్తకం విన్నకాంచి గిట్ల తయారైండు."

సార్ నోటుబుక్కులో రాసి నాకు చూపించారు. "మంచి పుస్తకం. వింటారా?" ఇయర్‌ఫోన్ ఒకటి నా చేతికిచ్చారు.

నా గొంతే. తడి గొంతు. "దుఃఖంలో ఉన్నవాడు భగవంతుణ్ణి ఏమడగాలి?" అని అడిగాను. ఒక్క ఊపిరి తీసుకున్నాను. "కనుక, అడగవలసినది ఏమీ లేదు," అన్నాను. ఆ ఊపిరి తీసుకున్న చోటే నాలుగు పేజీలు పోయాయి.

సార్ మళ్లీ రాశారు. "ఈ ప్రశ్నకూ జవాబుకూ నడుమ ఒక స్టెప్ నాకు అందడం లేదు. నలభై సార్లు విన్నాను. నా బుద్ధికి ఆ శక్తి లేదేమో. అయినా జవాబు తెలిసింది కదా. అడగొద్దు."

అప్పుడు చెప్పాల్సింది. పలక నా ఒళ్లోనే ఉంది. నేను రాసిందేమిటంటే, "గొంతు బాగుంది." ఆయన చిరునవ్వు నవ్వి "తల్లి గొంతు" అని రాశారు. ఆ క్షణంలో లోపల ఎక్కడో నాకు సంతోషం కలిగింది కూడా. ఈ వ్యాసంలో రాయడానికి అన్నిటికంటే కష్టమైన వాక్యం ఇదే.

ఇంటికెళ్లి ఆ పుస్తకం తీశాను. నా పెన్సిల్ గీతల కింద నుంచి ఆ నాలుగు పేజీలు చదివాను. నోరు మూసుకుని చదవడం నాకు కొత్త. అరపేజీకి అరగంట పట్టింది. ఆ పుస్తకం రాసిన పెద్దాయన చెప్పింది ఇది. దుఃఖంలో ఉన్నవాడు ముందు అన్నీ అడగాలి. నొప్పి తీసెయ్యమని అడగాలి, బతికించమని అడగాలి. సిగ్గుపడకుండా ఏడ్చి, కావాలంటే కోప్పడి మరీ అడగాలి. దేవుణ్ణి అడగాలి, పక్కనున్న మనిషినీ అడగాలి. మనసులో దాచుకున్నదంతా అలా బయటికి వచ్చేశాక, అడగవలసినది ఏమీ లేని స్థితి దానంతటదే వస్తుంది. దాన్ని ముందే తెచ్చిపెట్టుకుంటే అది శాంతి కాదు, మౌనంగా పడే హింస. ఆ ఆఖరి మాట నేను రెండుసార్లు పెన్సిల్‌తో కొట్టేసి ఉన్నాను.

అప్పటికైనా సార్‌కి చెప్పాలనిపించలేదు. చెప్పకుండా సరిచేయాలనిపించింది. డబ్బింగ్‌లో ఒక మాట తప్పు పోతే ఆ మాట ఒక్కటే మళ్లీ చెప్పి అతికిస్తాం, ప్యాచ్ అంటాం. ఈ నాలుగు పేజీలూ ప్యాచ్ వేసేస్తే ఆయన నలభై ఒకటోసారి విన్నప్పుడు స్టెప్ దొరుకుతుంది, నా పేరు బయటికి రాదు. సర్జరీ అయిన పన్నెండో రోజు, డాక్టరు గారు ఇంకా రోజుకి పది నిమిషాలకు మించి మాట్లాడొద్దన్నప్పుడే, బూత్‌లోకి వెళ్లాను.

"గొంతు గిట్లున్నప్పుడు ఎందుకక్కా?" అన్నాడు యాదగిరి. రెండు పేజీలయ్యేసరికి హెడ్‌ఫోన్ తీసి, "మ్యాచ్ అయితలేదు. వేరే ఎవరో చదువుతున్నట్టుంది" అన్నాడు. సాయంత్రానికి నాకు మంచినీళ్లు కూడా మింగుడు పడలేదు.

"ఎవరు మాట్లాడమన్నారు మిమ్మల్ని?" డాక్టరు గారు స్కోప్ పక్కన పడేశారు. "కార్డ్స్ వాచిపోయాయి. మళ్లీ మూడు వారాలు సైలెన్స్. ఈసారి స్కార్ పడితే నేనేమీ చేయలేను." నేను పలక మీద "సారీ" అని రాశాను. ఎవరికి రాశానో నాకే తెలియలేదు.

ఆ మూడు వారాలూ చదివాను. ముందు ఆ పుస్తకం మొత్తం, తర్వాత అల్మారాలో ఉన్న మిగతావి, నేను గొంతిచ్చినవన్నీ. ప్రతి దాంట్లోనూ నా పెన్సిల్ గుర్తులున్నాయి. ఊపిరికి ఒక గీత, కష్టమైన మాటకు ఒక కొట్టివేత. ఏ పుస్తకంలోనైనా నేను కొట్టేసిన చోటే ఏదో ఒకటి నన్ను పట్టుకుని కూర్చోబెట్టేది. నాకు భక్తి కుదిరిందని చెప్పను. మా ఇంట్లో పూజ ఎప్పుడూ ఉంది, దానికి లోటు లేదు. కానీ నాకూ దేవుడికీ మధ్య మైకు లేకుండా కూర్చోవడం అదే మొదలు. వినేవాళ్లెవరూ లేనప్పుడు ఏం చెప్పాలో కూడా తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం పుస్తకం మూసి, ఆ పెద్దాయన చెప్పినట్టు సిగ్గుపడకుండా ఏదైనా అడుగుదామనుకున్నాను. లోపల్నుంచి వచ్చిన మొట్టమొదటి కోరిక ఇది: నా చెకప్ ఉన్న వచ్చే గురువారం ఆ సార్ ఆసుపత్రికి రాకపోతే బాగుండు. అనుకున్నాక గానీ దాని అర్థం తెలియలేదు. ఒక క్యాన్సర్ పేషెంటు రాకూడదని అడుగుతున్నాను. నా జీవితంలో నేను నిజంగా చేసిన మొదటి ప్రార్థన అది.

గురువారం ఆయన రాలేదు.

కౌంటర్లో పలక మీద రాసి అడిగాను. చెప్పలేమన్నారు. ఆ వారం రోజులు ఎలా గడిచాయో చెప్పే శక్తి నాకు లేదు. రోజూ అడిగాను, ఏడ్చాను, బతిమాలాను, కోప్పడ్డాను. గొంతు గురించి ఒక్కసారీ అడగలేదు.

తర్వాతి గురువారం సార్ వీల్‌చెయిర్‌లో వచ్చారు. ముక్కులోంచి ట్యూబ్. "నీళ్లు గూడ మింగలేక పడిపోయిండు బిడ్డా, నాలుగు దినాలు అడ్మిట్ చేసిండ్రు. అప్పుడు గూడ సున్ననే రాసిండు," అంది సుగుణమ్మ గారు.

ఇంట్లో రాసి పెట్టుకున్న కాగితం ఆయన చేతికిచ్చాను. ఆ గొంతు నాదని, నాలుగు పేజీలు నేనే వదిలేశానని, తప్పు మీ బుద్ధిది కాదని రాశాను. పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన వేలితో వరుస వెంట వరుస చదివారు. టోకెన్ పిలిచారు, ఆయన తలెత్తలేదు. చదవడం అయ్యాక నోటుబుక్కు తీసి "నలభై సార్లు" అని రాశారు. దానికింద గీత గీశారు. నోటుబుక్కు మూసేశారు. నా వైపు చూడలేదు.

"ఏమైంది? ఏం రాసినవ్ బిడ్డా?" అని సుగుణమ్మ గారు నన్నడిగింది. టోకెన్ మళ్లీ పిలిచారు. వాళ్లు లోపలికి వెళ్లారు. కాసేపటికి ఆవిడ ఒక్కతే బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎనిమిది రాసిండు! ఇన్ని దినాలకు. డాక్టరమ్మ మందు మారుస్తనంది. లోపల చిన్న పోరని తీరు ఏడుస్తుండు." ఆవిడ నవ్వుతోంది, ఏడుస్తోంది. నాకు థాంక్స్ చెప్పబోతోందేమోనని భయం వేసి చెయ్యి లాగేసుకున్నాను.

ఆ తర్వాత వాళ్లు వేరే వరుసలో కూర్చునేవారు. సార్ నన్ను క్షమించలేదు. క్షమించాలని నేనూ అడగలేదు, అడిగే మొహం లేదు. పుస్తకం మాత్రం ఆయన తిరిగి ఇవ్వలేదు. రేడియేషన్ పూర్తయి వాళ్లు ఊరెళ్లిపోయారని తర్వాత తెలిసింది.

ఇది జరిగి ఎనిమిది నెలలు. నా గొంతు ఒక మెట్టు కిందికి దిగిపోయింది. హీరోయిన్లు పోయారు, అత్తగార్లు మిగిలారు. యాప్ ఆఫీసుకి వెళ్లి సంగతంతా చెప్పాను. "ఒక్క కంప్లైంట్ కూడా రాలేదు మేడం, వదిలేయండి," అన్నాడు మేనేజరు. వదలలేదు. యాదగిరికి ఎడిషన్ అబద్ధం గురించి చెబితే, "నాకప్పుడే అనుమానమొచ్చింది అక్కా. నువ్వు చెప్పినంక ఇగ నేనేమంటా?" అన్నాడు. ఆ పుస్తకం ఇంకో కాపీ తెచ్చుకుని, బూత్‌లో మొదటి నుంచి మళ్లీ చదివాను. ఇంకో ఆరు పుస్తకాల్లోనూ నా కోతలు దొరికాయి, ఒక్కొక్కటే పూర్తిచేస్తున్నాను. పొద్దున్నే ఏదైనా ఒక పేజీ పెదాలు కదపకుండా చదువుకుని, ఆ సార్ బతకాలని అడుగుతాను. అదే నా ఆధ్యాత్మికత, అంతకుమించి ఏమీ లేదు.

గొంతు బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీకి చూపించుకోవాలని మీ డాక్టర్లే చెబుతారు. నేను చెప్పేది ఒకటే. నొప్పి పదికి ఎంత అని అడిగినప్పుడు ఉన్న అంకె చెప్పండి. చెప్పొద్దని, ఓర్చుకోమని ఏదైనా పుస్తకం అన్నట్టు వినిపిస్తే, ముందు డాక్టరుకి అంకె చెప్పి, ఆ తర్వాత ఆ పుస్తకం తెచ్చుకుని మీ కళ్లతో మీరే చదువుకోండి. దానికీ మీకూ మధ్య నాలాంటి మనిషి ఉండి ఉండొచ్చు.